పదిమందిలో పాము: హింసా నివారణలో ఉమ్మడి పూచీ – ఒక నైతిక పరిశీలన

రంగారెడ్డి జిల్లా 1978 ఆగస్టు 15న ఏర్పడింది. ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా ఆ జిల్లా ప్రజలు తమ కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే జిల్లా ఎల్లలు దాటి హైదరాబాదు నడిబొడ్డున ఉన్న లక్డీకాపూల్‌కు పోవలసివచ్చేది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం మండలంలోని కొంగరకలాన్‌లో సమీకృత కలెక్టరేట్ ప్రారంభం కావడంతో ఆ విడ్డూరం తీరింది. ‘సమీకృతం’ అనే విశేషణంలోనే ఒక ఆశయం ఉంది. రెవెన్యూ, వైద్య ఆరోగ్యం, విద్య, గ్రామీణాభివృద్ధి, స్త్రీశిశు సంక్షేమం వంటి శాఖలు వేరువేరు వీధుల్లో కాక ఒకే కప్పు కింద ఉండాలని, సామాన్యుడు ఒక గుమ్మం నుండి మరో గుమ్మానికి తిరిగి అలసిపోకూడదని ఆ మాట అర్థం.

హింసకు లోనైన మనిషికి ఈ ఆశయం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. దెబ్బలు తిన్న స్త్రీకి కావలసినవి పలుచోట్ల పలువురి చేతుల్లో ఉంటాయి. గాయానికి కట్టు ఆసుపత్రిలో, ఫిర్యాదు నమోదు పోలీసు స్టేషనులో, రక్షణ ఉత్తర్వు మేజిస్ట్రేటు దగ్గర, తలదాచుకొనే చోటు సంక్షేమశాఖ అధీనంలో, పిల్లల చదువు బడిలో, అర్ధరాత్రి తలుపు తీసే దయ పొరుగింటిలో. హింసను అరికట్టడం పోలీసుల పని మాత్రమే కాదనీ, అది ముందుగా నివారించదగిన ప్రజారోగ్య సమస్య అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో వెలువరించిన నివేదిక ప్రతిపాదించింది. అప్పటి నుండి ‘శాఖల మధ్య సమన్వయం’ అనే మాట ప్రతి ప్రణాళికలోనూ వినిపిస్తున్నది. పాలనాశాస్త్రానికి సమన్వయం ఒక నిర్వహణ సమస్య. అయితే దాని అడుగున ఒక నైతిక సమస్య ఉంది. పలువురు కలిసి చేయవలసిన పని జరగనప్పుడు ఆ తప్పు ఎవరిది? బాధ్యతను పంచితే అది ప్రతివారికీ కొంచెం కొంచెంగా చేరుతుందా, లేక ఎవరికీ చేరకుండా పోతుందా? తెలుగు భాష, తెలుగు సాహిత్యం ఈ ప్రశ్నను చాలాకాలంగా ఎరుగును. ఆ ఎరుక ఆధారంగా కొంగరకలాన్ వంటి చోట నేడు నిలిచిన ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘పదిమంది’ అనే మాట

పదిమందిలో పాము చావదని తెలుగు సామెత. ప్రతివాడూ పక్కవాడు కర్ర ఎత్తుతాడని చూస్తాడు, ఆ చూపుల నడుమ పాము తన దారిన పోతుంది. ఒక ఆపదను చూసేవారి సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరూ కదిలే అవకాశం తగ్గుతుందని అమెరికన్ మనస్తత్వవేత్తలు జాన్ డార్లీ, బిబ్ లటానే తమ ప్రయోగ ఫలితాలను 1968లో ప్రచురించారు. సామెత చెప్పినదీ అదే. అయితే సామెతలో ప్రయోగశాలకు అందని ఒక అంశం ఉంది. తెలుగులో ‘పదిమంది’ అన్నది లెక్క కాదు, అది లోకానికి పేరు. ‘పదిమందిలో పెట్టడం’ అంటే న్యాయానికి పిలవడం. ‘పదిమంది ఏమనుకుంటారు’ అన్నది పరువు గురించిన భయం. కాపాడగలిగిన పదిమందీ, భయపెట్టే పదిమందీ ఒకరే. మొగుడు కొట్టిన దెబ్బను కొంగు చాటున దాచుకొనే స్త్రీ దాచుకొనేది ఎవరి నుండో ఆ లోకం నుండే సహాయం రావాలి. ఇంటిగుట్టు లంకకు చేటన్న మరో సామెత ఆమె నోటికి ముందే తాళం వేసి ఉంచుతుంది.

ఇది ఊహ కాదు. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో శారీరక హింసకో లైంగిక హింసకో గురైన స్త్రీలలో 77 శాతం మంది ఎవరి సహాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. వీరి విషయంలో ఏ శాఖ తలుపూ మూసుకోలేదు, తట్టినవారే లేరు. సమన్వయం గురించిన చర్చ సాధారణంగా తలుపు తట్టిన తరువాతి కథ దగ్గరే మొదలవుతుంది. అది ఆ చర్చలోని మొదటి లోపం.

నిండుసభ లెక్క

అన్ని అధికారాలూ ఒకే కప్పు కింద చేరిన చోట హింస జరిగితే ఏమవుతుందన్న ప్రశ్నకు భారతీయ సాహిత్యంలో అత్యంత ప్రసిద్ధమైన ఘట్టం సభాపర్వంలోనిది. నన్నయ తెనిగించిన రెండున్నర పర్వాలలో సభాపర్వం ఒకటి కనుక తెలుగు కావ్యచరిత్ర ఆరంభంలోనే ఈ ఘట్టం నిలిచి ఉంది. హస్తినలోని ఆ సభలో ఎవరు లేరు? రాజు ఉన్నాడు, కులవృద్ధుడైన భీష్ముడున్నాడు, ఆచార్యులున్నారు, మంత్రిగా విదురుడున్నాడు, సామంతులున్నారు. నేటి పరిభాషలో చెప్పాలంటే పాలన, న్యాయం, విద్య, కుటుంబం అన్నీ అక్కడే ఉన్నాయి. ద్రౌపది కన్నీళ్ళతో ఆగలేదు, ధర్మసందేహం రూపంలో ఒక న్యాయప్రశ్న వేసింది: తన్ను తాను ముందే ఓడిన రాజుకు తనను పణంగా పెట్టే హక్కు ఎక్కడిది? భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పించుకున్నాడు. ధృతరాష్ట్రుని కొడుకుల్లోనే ఒకడైన వికర్ణుడు మాత్రం ఇది అధర్మమని నిలబడి పలికాడు. వెంటనే కర్ణుడు అతణ్ణి చిన్నవాడివని అదలించాడు.

ఈ ఘట్టాన్ని పెద్దల పిరికితనానికి నిదర్శనంగా చదవడం పరిపాటి. ఆ చదువు తప్పు కాదు, చాలదు. సభలోని పెద్దలు ఎవరూ దుశ్శాసనుని మెచ్చుకోలేదు. ప్రతివారూ బాధపడ్డారు. ప్రతివారికీ తమ పరిధి అడ్డువచ్చింది. భీష్మునికి శాస్త్రసంశయం, ద్రోణునికి తిన్న ఉప్పు, ధృతరాష్ట్రునికి పుత్రప్రేమ, విదురునికి తన మాట చెల్లని స్థానం. పరిధి అనే మాటను ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఈ వ్యాసంలో అది మళ్ళీ వస్తుంది.

సంస్కృత భారతంలో ఈ సందర్భాన విదురుడు సభ్యులను హెచ్చరిస్తూ, ప్రహ్లాదునికి కశ్యపుడు చేసిన బోధ ఒకటి వినిపిస్తాడు. నిందించవలసిన దానిని నిందించని సభలో పాపం ఎలా పంచబడుతుందో అందులో లెక్క ఉంది. సగం సభాధిపతికి, నాలుగోవంతు మౌనంగా కూర్చున్న సభ్యులకు, మిగిలిన నాలుగోవంతే చేసినవానికి చెందుతాయి. సభ నోరు విప్పి నిందిస్తే మాత్రం అధిపతీ సభ్యులూ విముక్తులవుతారు, పాపమంతా కర్తకే పోతుంది. నీతిశాస్త్రంలో ఇంత నిక్కచ్చి లెక్క అరుదు. చేసినవాని వాటా నాలుగోవంతు అన్నది మొదట విన్నప్పుడు అన్యాయంగా తోస్తుంది. అయితే ఆ లెక్క నేరస్థునికి రాయితీ ఇవ్వడానికి పుట్టలేదు. ఆపగలిగిన శక్తి ఎంతో దోషమూ అంతే అన్నది దాని సూత్రం.

ఈ లెక్కలో ఒక పరిమితి కూడా ఉంది. ఇది జరిగిపోయిన దానికి వేసిన లెక్క. పాపాన్ని వాటాలు వేయవచ్చు, ఎందుకంటే ఆపద అప్పటికే జరిగిపోయింది. ఆపద ఇంకా జరగకముందు ఉండవలసినది పాపం కాదు, పూచీ. పూచీని వాటాలు వేస్తే ఏమవుతుందో తెలియడానికి ప్రామిసరీ నోటు చాలు. ఇద్దరు ముగ్గురు కలిసి అప్పు తీసుకున్నప్పుడు ‘ఉమ్మడిగానూ విడివిడిగానూ’ బాధ్యులమని రాసి సంతకాలు పెడతారు. అప్పు ఇచ్చినవాడు ముగ్గురి వెంటా తిరిగి మూడోవంతు చొప్పున వసూలు చేసుకోనక్కరలేదు. ఎవరి గుమ్మం దగ్గర నిలబడితే వారే మొత్తం బాకీ ఇచ్చుకోవాలి. వారు మిగిలిన ఇద్దరి దగ్గర తరువాత రాబట్టుకోవచ్చు, అది వారి తలనొప్పి. కోర్టు గుమస్తాల భాష అని సాహిత్యకారులు చిన్నచూపు చూసే ఈ మూడు మాటల్లో సమష్టి బాధ్యతకు కావలసిన నీతి ఉంది. రక్షణ కోరివచ్చిన మనిషి సమాజానికి అప్పు ఇచ్చిన మనిషి. ఆమె తట్టిన తలుపు ఏదైతే అదే మొత్తం బాకీకి తలుపు.

ఎవరి పరిధి?

ఈ సూత్రం తప్పినప్పుడు ఏమవుతుందో రంగారెడ్డి జిల్లాయే చూసింది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక యువ పశువైద్యురాలు అదృశ్యమైంది. మరునాడు షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద ఆమె మృతదేహం దొరికింది. ‘దిశ’ అన్న పేరుతో దేశమంతా ఎరిగిన ఘటన ఇది. ఆ రాత్రి కుటుంబసభ్యులు పోలీసులను ఆశ్రయించినప్పుడు ఆ స్థలం ఏ స్టేషను పరిధిలోనిదన్న ప్రశ్న ముందుకు వచ్చిందనీ, విలువైన సమయం గడిచిపోయిందనీ వారు చెప్పారు. కేసు నమోదులో జాప్యం జరిగినందుకు ముగ్గురు పోలీసు సిబ్బందిని పైఅధికారులు సస్పెండ్ చేశారు.

పరిధి అంటే బాధ్యతకు గీసిన గీత. గీత లేకుంటే పాలన సాగదు. అయితే ప్రామిసరీ నోటు నీతిలో పరిధి అప్పు తీసుకున్నవారు తమలో తాము చూసుకోవలసిన సంగతి, గుమ్మంలో నిలిచిన మనిషికి చెప్పే జవాబు కాదు. ఏ స్టేషనుకు వచ్చిన ఫిర్యాదునైనా ముందు నమోదు చేసి, తరువాత సంబంధిత స్టేషనుకు బదిలీ చేయాలన్న ‘జీరో ఎఫ్‌ఐఆర్’ పద్ధతి ఈ నీతికి న్యాయరూపం. అది 2019 నాటికే అమలులో ఉండవలసిన పద్ధతి. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ దానికి శాసనబలం ఇచ్చింది.

ఆ ఘటన అక్కడితో ముగియలేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ చటాన్‌పల్లి దగ్గరే పోలీసుల కాల్పుల్లో మరణించారు. జనం అక్కడికి తరలివచ్చి పోలీసులపై పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో వెల్లడైంది. నిందితులను చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చి, పదిమంది పోలీసులపై విచారణ జరపాలని కమిషన్ సిఫారసు చేసింది.

హింసా నివారణలో సహకారాన్ని తడబాటు లేకుండా మెచ్చుకొనేవారు ఈ దృశ్యం దగ్గర కాసేపు ఆగాలి. అక్కడ సహకారానికి కొరత లేదు. పోలీసులూ ప్రజలూ ప్రసార మాధ్యమాలూ ఒక్కమాట మీదికి వచ్చిన అరుదైన రోజు అది. రక్షించవలసిన రాత్రి ఒక్కటి కాలేకపోయిన పదిమంది, శిక్షించవలసిన వేళ న్యాయస్థానాన్ని పక్కకు నెట్టి ఒక్కటయ్యారు. సహకారం తనంతట తాను గుణం కాదని, అది దేని కోసం, ఎవరి అదుపులో జరుగుతుందన్నదే దాని విలువను నిర్ణయిస్తుందని దీనివల్ల తేలుతున్నది. ఇంకొకటి కూడా గమనించాలి. నివారణలో ఓడిన సమాజం ప్రతీకారంలో గెలిచినట్లు భావించుకుంటుంది. ఆ గెలుపు తరువాత, ఆ రాత్రి స్టేషనులో ఏమి జరిగిందన్న ప్రశ్న ఎవరికీ గుర్తుండదు.

చట్టం వేలు చూపిన మనిషి

గృహహింస నుండి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం ఈ చిక్కును గుర్తించి రాసినదిగా కనిపిస్తుంది. 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్న ఈ చట్టం హింసను పలు శాఖల ఉమ్మడి సమస్యగానే చూసింది. న్యాయం, హోం, ఆరోగ్యం, మానవ వనరుల శాఖల నడుమ సమన్వయం ఏర్పరచి, దానిని ఎప్పటికప్పుడు సమీక్షించాలని 11వ సెక్షన్ ప్రభుత్వాలకు విధించింది. ఆశ్రయం కోరితే వసతిగృహాలు, చికిత్స కోరితే వైద్య సంస్థలు నిరాకరించరాదని 6, 7 సెక్షన్లు చెప్పాయి. ఇరుగుపొరుగు ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చనీ, సదుద్దేశంతో ఇచ్చినవారిపై ఏ బాధ్యతా మోపరాదనీ 4వ సెక్షన్ హామీ ఇచ్చింది. పదిమందినీ పిలిచిన చట్టం ఇది.

పదిమందినీ పిలిచి ఊరుకోలేదు కూడా. రక్షణాధికారి అనే ఒక్క మనిషిని నిలబెట్టింది. మేజిస్ట్రేటు ఉత్తర్వు ప్రకారం తన విధిని తగిన కారణం లేకుండా నిర్వర్తించని రక్షణాధికారికి ఏడాది వరకూ జైలు, ఇరవై వేల రూపాయల వరకూ జరిమానా విధించవచ్చని 33వ సెక్షన్ అంటుంది. ఆ చట్టంలో సేవాసంస్థలకూ వసతిగృహాలకూ ఇలాంటి శిక్ష లేదు. 34వ సెక్షన్ ఈ శిక్షకు ముందు ప్రభుత్వ అనుమతి అవసరమని షరతు పెట్టడం వేరే సంగతి.

ఒక మనిషిని ఇలా నిలబెట్టడం ఈ నేలకు కొత్త కాదు. కొంగరకలాన్ ఉన్న మండలానికి కేంద్రమైన ఇబ్రహీంపట్నంలో పెద్దచెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలం నుండి ఆ ప్రాంతపు బతుకు ఆ చెరువుతో ముడిపడింది. తెలంగాణ పల్లెల్లో చెరువు ఊరందరిదీ. కట్ట తెగితే ఊరంతా మునుగుతుంది, నీరు ఎండితే ఊరంతా ఎండుతుంది. అందరిదీ కనుక అందరూ చూసుకుంటారని ఊరు వదిలిపెట్టలేదు. తూము ఎత్తడానికి, దించడానికి, ఏ మడికి ఎంత నీరో చూడడానికి, వానకాలం రాత్రి కట్ట మీద తిరగడానికి నీరటిని పెట్టింది. రైతులు పంటలో అతనికి మేర కొలిచేవారు. పూచీ ఒకరిది, ఆ ఒకరిని నిలబెట్టే పూచీ అందరిదీ. సమన్వయం అన్న సంస్కృత పదానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం దొరకదు.

పాత ఊరిని ఆదర్శంగా చూపి ఇక్కడ ఆగితే అది అబద్ధమవుతుంది. నీరటి పని చేసినవారు ఎక్కువగా అణగారిన కులాలవారే. తూము అతని చేతిలో ఉండేది, చెరువుకింది మాగాణి మాత్రం మరొకరిది. పూచీ కిందికి, అధికారం పైకి పోయే ఆ పాత ఏర్పాటు నేటి శాఖల్లో పూర్తిగా పోలేదు. ఊళ్ళో ఏ ఇంట్లో ఏమి జరుగుతున్నదో ముందుగా తెలిసేది అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు, మహిళా సంఘం లీడరుకు. వారికి దక్కేది జీతం కూడా కాదు, గౌరవ వేతనం, పారితోషికం. కొట్టినవాడు మరునాడు ఎదురుపడేది కూడా వారికే. కలెక్టరేట్ సమావేశ మందిరంలో అన్ని శాఖలూ పంచుకొన్న బాధ్యత చివరికి ఊళ్ళో ఒంటరిగా ఉన్న ఒక స్త్రీ భుజం మీద దిగుతుంది. కనుక ఒకరిని నిలబెట్టాలన్న సూత్రం దానంతట అది న్యాయం కాదు. నిలబెట్టిన మనిషి చేతికి తూము ఇచ్చారా అన్నది రెండవ ప్రశ్న. ఆమెకు మేర కొలిచేవారు ఎవరన్నది మూడవది.

సుబ్బి పెళ్ళి ఎవరు ఆపారు?

ముందుగా తెలిసినవారే కదలాలన్న విషయాన్ని ‘కన్యాశుల్కం’ కంటే సూటిగా చూపిన తెలుగు రచన లేదు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో కొత్తరూపం దాల్చిన ఈ నాటకాన్ని సంఘసంస్కరణ నాటకమని వర్గీకరించడం అలవాటు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన 1034 శుల్క వివాహాల లెక్కను గురజాడ తన తొలి కూర్పు పీఠికలో పేర్కొన్నాడు. పసిపిల్లలను ముసలివారికి అమ్మిన ఆ వివాహాలను నేటి నిర్వచనాల ప్రకారం హింస అనక మరో పేరుతో పిలవలేము. నాటకం ఆ 1034లో చేరబోయిన ఒక్క పెళ్ళిని ఆపిన కథ.

ఎవరు ఆపారు? సంస్కరణను ఉపన్యసించే గిరీశం ఆపలేదు. అగ్నిహోత్రావధాన్ల ఇంట చేరి వెంకమ్మకు మాట ఇచ్చినవాడు చివరికి బుచ్చమ్మను తీసుకొని వెళ్ళిపోయాడు. పోలీసులు ఆపలేదు. హెడ్డు కనిస్టీబు పెళ్ళి జరిగేదాకా ఎక్కడా లేడు, లుబ్ధావధాన్లపై లేని హత్య మోపవలసివచ్చినప్పుడు చురుకుగా వచ్చాడు. నీతికి నిలువుటద్దమైన సౌజన్యారావు పంతులు ఆ వ్యవహారం కోర్టుకెక్కిన తరువాత గాని రంగంలోకి రాడు. తల్లి వెంకమ్మ తన చేతనైన ఒక్క పని చేసింది, నూతిలో దూకింది. ఆమె దూకుడును చూసి కదిలినవాడు తమ్ముడు కరటకశాస్త్రి. అతడు తన శిష్యునికి ఆడవేషం వేశాడు, గుంటూరు శాస్త్రిగా తానూ వేషం మార్చాడు, రామచంద్రపురం అగ్రహారంలో మధురవాణి సహాయం కోరాడు. ఆ సంబంధాన్ని కుదిర్చిన రామప్పంతులు ఇంట్లోనే ఉంటూ ఆమె దానిని చెడగొట్టింది.

ఈ జట్టును పరిశీలిస్తే విచిత్రంగా ఉంటుంది. ఒక నాటకాలవాడు, ఒక కుర్రవాడు, ఒక వేశ్య, చివరలో ఒక వకీలు. సమాజంలోని వేరువేరు అరలకు చెందినవారు. వారిని కలిపినది ఏ సంస్థా కాదు, సుబ్బి అనే ఒక్క పిల్ల. వారిలో ఎవరూ కన్యాశుల్కమనే దురాచారాన్ని రూపుమాపుతామని బయలుదేరలేదు. ఈ పెళ్ళి జరగకూడదు అనుకున్నారు, అంతే. పూచీకి ఒక ముఖం ఉన్నప్పుడు పదిమందిలో పాము చస్తుంది.

అయినా గురజాడ ఈ విజయాన్ని మచ్చలేనిదిగా చూపలేదు. మోసం మీద నిలిచిన ఆ నివారణ ఒక నిరపరాధిని హత్యానేరంలోకి నెట్టింది. లుబ్ధావధాన్లు మంచివాడు కాకపోవచ్చు, హంతకుడు మాత్రం కాదు. లేని వధువును చంపిన నేరం అతని మీద పడ్డప్పుడు, మధురవాణి మగవేషంలో సౌజన్యారావు ఇంటికి పోయి నిజం చెప్పకపోతే సుబ్బిని కాపాడిన పని మరొకరి ఉరిగా మారేది. చటాన్‌పల్లిలో పూలు చల్లినవారికీ మధురవాణికీ ఉన్న తేడా ఇదే. ఆమె నివారణ కోసం అబద్ధమాడింది, శిక్ష వేళకు నిజం చెప్పింది.

గుట్టు, రట్టు

మధురవాణి చేతిలో ఉన్న ఆయుధం సమాచారం. ఎవరి ఇంట్లో ఏమి జరుగుతున్నదో ఆమెకు తెలుసు. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో కూడా తెలుసు. శాఖల సమన్వయంలో నేడు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే. వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో జొనాథన్ షెపర్డ్ అనే శస్త్రవైద్యుడు, ఆసుపత్రికి దెబ్బలతో వచ్చేవారిలో చాలామంది పోలీసుల లెక్కల్లో లేరని గమనించాడు. దెబ్బ ఎక్కడ, ఎప్పుడు, దేనితో తగిలిందో అడిగి, పేర్లు తీసివేసి, ఆ వివరాలను పోలీసులకూ నగరపాలనకూ అందించే పద్ధతిని అక్కడ నెలకొల్పారు. ఆ నగరంలో హింసాత్మక గాయాలతో ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య అలాంటి ఇతర నగరాలతో పోల్చితే తగ్గిందని 2011లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. పేర్లు తీసివేయడం ఆ పద్ధతికి ప్రాణం. మధుశాల దగ్గరి కొట్లాటకు అది సరిపోతుంది. నాలుగు గోడల నడుమ దెబ్బ తిన్న స్త్రీకి సరిపోదు, ఎందుకంటే అక్కడ స్థలమే పేరు. ఊళ్ళో ఒక ఇంటి సంగతి ఒక శాఖ నుండి మరో శాఖకు చేరేలోగా ఆ ఇంటి మగవాడికీ చేరుతుంది.

తెలుగులో గుట్టుకు వ్యతిరేకపదం రట్టు. మధ్యలో మాట లేదు. నమ్మకంతో ఒకరికి చెప్పడమనే స్థితికి భాషలో ఒంటి పదం లేకపోవడం యాదృచ్ఛికం కాదేమో. 2015 ఏప్రిల్ 1న మొదలైన కేంద్రపథకం కింద తెలంగాణలో నడిచే వన్‌స్టాప్ కేంద్రాలకు ‘సఖి’ అని పేరు పెట్టినవారు ఈ లోటును గుర్తించారనుకోవచ్చు. కావ్యాల్లో సఖి చేసే పని అదే. నాయిక గుట్టు తెలిసి, దానిని రట్టు చేయకుండా, చేరవలసిన చోటికి చేర్చడం. వైద్యం, పోలీసు సహాయం, న్యాయసలహా, తాత్కాలిక వసతి ఒకే చోట అందాలన్న ఆ కేంద్రాల ఉద్దేశం, ఆమె ఒకే కథను నలుగురు అధికారులకు నాలుగుసార్లు చెప్పుకోవలసిన శిక్షను తప్పించడమే.

అయితే ఒకే గదిలో కూర్చున్నంత మాత్రాన శాఖల లక్ష్యాలు ఒకటి కావు. పోలీసుకు ఆమె ఫిర్యాది, ఆసుపత్రికి రోగి, కోర్టుకు సాక్షి, సంఘానికి సభ్యురాలు, కౌన్సెలింగు చేసేవారికి తరచుగా నిలబెట్టవలసిన ఒక కాపురం. ఈ చివరిది ప్రమాదకరమైనది. కాపురం నిలిస్తే సమస్య తీరినట్లు నమోదు చేసుకొనే చోట, ఆమె మళ్ళీ దెబ్బ తినడం విజయాల పట్టికలోకి చేరిపోతుంది.

శాఖల లక్ష్యాలు పరస్పరం ఢీకొనడానికి నెల్లూరు కంటే పెద్ద ఉదాహరణ లేదు. 1991లో ఆ జిల్లాలో మొదలైన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో జిల్లా యంత్రాంగం, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి పనిచేశారు. రాత్రిబడి వాచకంలో సారా చిచ్చు పెట్టిన కుటుంబాల కథలు పాఠాలయ్యాయి. ఆ పాఠాలు చదివిన దూబగుంట స్త్రీలు తమ ఊళ్ళో సారా దుకాణాన్ని మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992 నాటికి ఉద్యమం జిల్లాను దాటింది, పత్రికలు దానిని మోశాయి. చదువు చెప్పినదీ ప్రభుత్వమే, సారా వేలంపాట వేసినదీ ప్రభుత్వమే. ఒక శాఖ పాఠం చెబితే ఆ పాఠం మరో శాఖ ఆదాయానికి ఎసరు పెట్టింది. ప్రభుత్వం రెండు చేతుల్లో ఏది నిజమైనదో తేల్చుకోక తప్పని స్థితిని స్త్రీలు కల్పించారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. కలెక్టరేట్ సమావేశాల్లో సాధారణంగా పిలుపు అందని శాఖ ఆబ్కారీ శాఖే. హింసా నివారణ గురించి మాట్లాడేటప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉండడం చిన్న సంగతి కాదు.

కర్మాగారం దారి

కొంగరకలాన్ ఇప్పుడు కలెక్టరేట్ ఊరు మాత్రమే కాదు. 2023 మే 15న అక్కడ ఫాక్స్‌కాన్ ఎలక్ట్రానిక్ పరికరాల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఇలాంటి కర్మాగారాల్లో యువతులు పెద్దసంఖ్యలో పనిచేస్తారు. సొంత ఊరు విడిచి, అద్దెగదుల్లో ఉంటూ షిఫ్టులకు వెళ్ళే స్త్రీకి పరువు గురించి భయపెట్టే పదిమంది లేరు, కేక వేస్తే వచ్చే పదిమందీ లేరు. పాత చెరువు ఊరి నీతి ఆమెను ఎరుగదు.

ఆమె కోసం చట్టాలు ఉన్నాయి. పనిస్థలంలో లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలంటుంది. అంతకంటే చిన్న సంస్థల వారి కోసం, యజమానిపైనే ఫిర్యాదు ఉన్నవారి కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలంటుంది. కర్మాగారం గేటు లోపల ఆమె అంతర్గత కమిటీ పరిధిలో ఉంటుంది. అద్దెగదిలో భర్తో, సహజీవనం చేసే మగవాడో కొడితే రక్షణాధికారి పరిధిలోకి వస్తుంది. నడిరోడ్డు పోలీసుల పరిధి. రాత్రి షిఫ్టు దిగి, యాజమాన్యం ఏర్పాటు చేసిన బస్సు ఎక్కితే ఆ బస్సు కూడా చట్టం దృష్టిలో పనిస్థలమే. బస్సు తప్పిపోయి షేర్ ఆటో ఎక్కితే అది పనిస్థలం కాదు. బస్సుకూ ఆటోకూ నడుమ, సమీకృత కలెక్టరేట్ దీపాలు కనిపించే ఆ రోడ్డు మీద ఆమె నిలబడి ఉన్నప్పుడు ఆమెకు నీరటి ఎవరో ఏ శాఖ బోర్డు మీదా రాసి లేదు.